పాదం అడిగే గడువు

బెంగళూరు నగర్తపేటలో ఎవరు వ్యాయామం మొదలుపెట్టినా వీధంతటికీ తెలిసిపోతుంది. తెల్లవారుజామున షట్టర్లన్నీ దించి ఉంటాయి, తోపుడుబళ్ళు గోడవారన ఆగి ఉంటాయి, ఆ ఖాళీ వీధిలో కొత్త బూట్ల చప్పుడు పై అంతస్తు దాకా వినిపిస్తుంది. షుగర్ రిపోర్టు చూసి డాక్టరు మందలించడంతో కదిలినవాళ్ళు కొందరు. 2008 నుంచి మన ఊళ్ళో జరుగుతున్న పది కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చినవాళ్ళు ఇంకొందరు. నెల తిరిగేసరికి ఆ చప్పుళ్ళలో కొన్ని ఆగిపోతాయి. బద్ధకమని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. అడిగి చూస్తే చాలామంది మడమో చీలమండో చూపిస్తారు. మంచి సంకల్పం అలా కాలి దగ్గర ఆగిపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఎందుకంటే ఆ నొప్పుల్లో ఎక్కువ భాగం రాకుండా చూసుకోగలిగినవే.

కొత్తగా పరుగెత్తేవాళ్ళకి మొదట దారికొచ్చేది ఊపిరి. రెండు మూడు వారాల్లోనే ఆయాసం తగ్గుతుంది, తొడలకి బలం వచ్చినట్టుంటుంది, ఇంకో రౌండు వేద్దామనిపిస్తుంది. ఎముకకీ స్నాయువుకీ ఆ వేగం ఉండదు. వాటికి నెలలు పడుతుంది. కొత్త బరువు పడినప్పుడు ఎముక ముందు తనలోని పాత భాగాన్ని కరిగించుకుని, ఆ తర్వాతే గట్టి భాగాన్ని కట్టుకుంటుంది. అంటే మనకి హుషారు పెరిగే ఆ వారాల్లోనే పాదం లోపల కాస్త బలహీనంగా ఉంటుంది. పాదం దెబ్బతినేది అప్పుడే.

ఇది ఇప్పటి సంగతేం కాదు. ప్రష్యా సైన్యంలో బ్రైత్‌హౌప్ట్ అనే వైద్యుడు 1855లోనే కవాతు చేసే సిపాయిల పాదాల్లో కనిపించే వాపునీ నొప్పినీ వర్ణించాడు. వాళ్ళకి దెబ్బేమీ తగల్లేదు, ఎవరూ జారిపడలేదు. 1895లో ఎక్స్‌రే కనిపెట్టాక గానీ అవి వేళ్ళ వెనక ఉండే పొడవాటి ఎముకల్లో పడ్డ సన్నటి పగుళ్ళని తేలలేదు. వయసులో ఉన్న సిపాయిల పాదాలే అలా పగిలాయంటే, ఇరవై ఏళ్ళుగా గల్లాపెట్టె ముందు కూర్చున్న మన పాదాల సంగతి ఆలోచించాలి.

మా వీధిలో లేసులు, జరీ అంచులు అమ్మే ఒక అక్క ఉన్నారు. రోజంతా నేలమీద నిలబడే పని. నడక నుంచి పరుగులోకి దిగిన కొన్నాళ్ళకి ఆవిడ నాతో అన్న మాట ఇది: "పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుంటుంది రా. పది అడుగులు వేశాక తగ్గిపోతుంది. తగ్గింది కదా అని మళ్ళీ పరుగెడతాను." ఆ మొదటి అడుగు నొప్పే గుర్తు. మడమ నుంచి కాలివేళ్ళ దాకా అరికాలి కింద ఒక దళసరి పట్టీ ఉంటుంది. డాక్టర్లు దాన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. పిక్కలు బిగుసుకుపోయి ఉన్నా, ఒక్కసారిగా దూరం పెంచినా, రోజంతా గట్టి నేలమీద నిలబడినా ఆ పట్టీ మడమ దగ్గర నొచ్చుకుంటుంది. అక్కకి ఫిజియోథెరపిస్టు చెప్పినవి చిన్న పనులే. మంచం దిగకముందే కాలివేళ్ళని చేత్తో పట్టుకుని వెనక్కి లాగడం, గోడకి చేతులాన్చి పిక్కలు సాగదీయడం, కొన్ని వారాలు పరుగు మాని నడవడం. ఓపిక పట్టారు, తగ్గింది. అదే ఓపిక మొదట్లోనే పట్టి ఉంటే నొప్పే వచ్చేది కాదని ఇప్పుడు వీధిలో అందరికీ ఆవిడే చెబుతున్నారు.

ఆ ఓపిక మన పేటకి కొత్తేమీ కాదు. ధర్మరాయస్వామి గుడి నుంచి చైత్ర పౌర్ణమి రాత్రి కరగ ఊరేగింపు బయలుదేరుతుంది. మల్లెపూల కరగ కలశాన్ని తలమీద పెట్టుకుని, చేత్తో ముట్టుకోకుండా, ఈ ఎగుడుదిగుడు వీధుల్లో తెల్లవార్లూ గుడి అర్చకుడు నడుస్తాడు. అడుగు తడబడితే అంతే. ఆ ఒక్క రాత్రి కోసం నెలల తరబడి నియమంగా దేహాన్ని సిద్ధం చేసుకుంటాడు. ఆ దారిలో కరగ పాత గరిడీలకి కూడా వెళుతుంది. గరిడీలో చేరిన కుర్రాణ్ణి వస్తాదు మొదటిరోజే కుస్తీకి దింపడు. జల్లించిన మెత్తటి ఎర్రమట్టిలో ఉత్త కాళ్ళతో బస్కీలు, దండీలు తీయిస్తాడు. కాలు నేలమీద నిలదొక్కుకున్నాకే పట్టు నేర్పుతాడు. బూట్ల దుకాణాలు ఇన్ని లేని రోజుల్లో మన పెద్దలు పాదాన్ని కాపాడుకున్న పద్ధతి అదే.

మన వీధి సంగతి కూడా చూసుకోవాలి. కాలవల మీద పరిచిన రాతిపలకల్లో ఒకటి పైకి లేస్తుంది, ఒకటి కుంగుతుంది. చీకట్లో పరుగెత్తితే పాదం లోపలికి మడతపడి, చీలమండ బయటివైపు స్నాయువు సాగిపోతుంది. ఒకసారి బెణికిన కాలు మళ్ళీ మళ్ళీ బెణుకుతుంది. కాబట్టి పేటలో నడవండి, పరుగు మాత్రం లాల్‌బాగ్ మట్టిబాటల మీద పెట్టుకోండి. అక్కడి కొండరాయి మీదున్న కెంపేగౌడ గోపురం దాకా ఎక్కడం దిగడం మొదటి నెలలో వద్దు. ఇంట్లో పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి, కాసేపటికి కాలు మార్చండి. మెట్ల రెయిలింగు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి, మడమలని నిదానంగా దించండి. చీలమండకీ పిక్కకీ ఇంతకంటే చవకైన కాపలా లేదు.

దూరం పెంచే ముందు, మర్నాడు పొద్దున పాదాన్ని అడగండి. మొదటి అడుగులో నిన్నటి కంటే నొప్పి ఎక్కువగా ఉంటే ఆ వారం దూరం పెంచకండి. మొదటి వారాలు నడకే చాలు. తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. పరుగెత్తిన మర్నాడు పరుగుకి సెలవు. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు వేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. పిల్లలు వాడి వదిలేసిన బూట్లతో సర్దుకోకండి. షుగర్ ఉన్నవాళ్ళు రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి పొక్కు లేచినా తెలియదు.

పాదమంతా నొప్పిగా ఉంటే విశ్రాంతితో సర్దుకోవచ్చు. ఇదిగో ఇక్కడే అని ఒక్క వేలితో చూపించగలిగే నొప్పి ఎముకమీద ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. కాలు బెణికినప్పుడు ఎక్స్‌రే అవసరమా కాదా తేల్చడానికి కెనడాలోని ఒటావా వైద్యులు 1992లో ఒక తేలిక పద్ధతి చెప్పారు. నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక వెనక అంచునో కొసనో నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. నూనె రాసి కట్టు కట్టుకుని మర్నాడు మళ్ళీ పరుగుకి వెళ్ళడం ధైర్యం అనిపించుకోదు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మధ్యే వ్యాయామం మొదలుపెట్టి ఉంటే, ఇంటికి రాగానే ఎన్ని కిలోమీటర్లు అయ్యాయని అడగకండి. పాదాలెలా ఉన్నాయని అడగండి. ఆ ప్రశ్న రోజూ వినేవాళ్ళు తమ పాదాలని తామే గమనించుకోవడం నేర్చుకుంటారు. ఏడాది తర్వాత కూడా నడుస్తూనే ఉంటారు.