తలకోన: రాతి ఎత్తు, నీటి ఋతువు

తిరుపతి జిల్లా ఎర్రావారిపాలెం మండలంలో, నెరబైలు గ్రామానికి ఎగువన శేషాచలం కొండల నడుమ ఉన్న తలకోన జలపాతం ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటె ఎత్తైనదని పేరుపొందింది. దాని ఎత్తు 270 అడుగులని చెబుతారు. ఈ అంకె ఎంతగా ప్రచారంలో ఉన్నదంటే, ఉదయం తిరుపతిలో బయలుదేరి భాకరాపేట మీదుగా వచ్చి సాయంత్రానికి మరలిపోయే సందర్శకుడు అంత ఎత్తునుంచి ఏడాది పొడవునా ఒకే తీరున ధార దూకుతుందని ఊహించుకొనే కొండెక్కుతాడు. అది రాతిగోడకు చెందిన కొలత మాత్రమే. నీటి సంగతి నెలనెలకూ మారుతుంది.

ఆ గోడ క్వార్ట్‌జైట్ అనే శిలది. పూర్వం నీటి అడుగున పేరుకొన్న ఇసుక పొరలు గట్టిపడి, రేణువులు విడదీయరాని విధంగా ఒకదానితో ఒకటి అతుక్కుపోగా ఏర్పడే ఈ శిల ఎండవానలకు సులభంగా అరగదు. కాని నిలువు పగుళ్ల వెంబడి దిమ్మెలుగా విడిపోతుంది గనుక కొండ అంచు వాలుగా జారక నిటారుగా నిలుస్తుంది. ఇది నూరు కోట్ల ఏండ్లకు పైబడిన కడప శిలా సముదాయానికి చెందినది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఈ సముదాయపు క్వార్ట్‌జైట్ తనకంటె ఎంతో పాతదైన గ్రానైటు మీద నేరుగా ఆని ఉన్న చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు, ఎందుకంటే ఆ రెండు శిలల నడుమ కోట్లాది సంవత్సరాల కాలం ఏ పొరగానూ మిగలలేదు. మలుపులలో కడుపు తిప్పుకు ఓర్చుకొనే ప్రయాణికులలో ఆ సంధిని గమనించేవారు అరుదు.

పగుళ్లు గోడను నిలపడమే కాక నీటిని కూడ దాచిపెడతాయి. కొండ పైభాగంలో కురిసిన వానలో కొంత వాటిలోనికి ఇంకి, నెలల తరబడి ఊటగా దిగువకు వస్తుంది. ఈ ప్రాంతానికి నైరుతి ఋతుపవనాలతో పాటు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీచే ఈశాన్య ఋతుపవనాలు కూడ వానలు తెస్తాయి కాబట్టి, కార్తిక మార్గశిరాలలో జలపాతం నిండుగా కనబడుతుంది. బడి సెలవుల వేసవిలో మాత్రం ధార సన్నబడి, గాలికి చెదరి, రాతికి అంటుకొని జారుతుంది. అప్పుడు వచ్చి నిరాశపడేవారు ఒక లాభాన్ని విస్మరిస్తున్నారనే చెప్పాలి: నిండుధార కప్పివేసే శిలాపొరలన్నీ ఆ కాలంలోనే విడివిడిగా కంటికి ఆనుతాయి.

సిద్ధేశ్వరస్వామి ఆలయం నుంచి సాగే కాలిబాట పెద్ద శ్రమను కోరదు, కోరేది తీరికను. తేమ నిలిచే కోనలో, అనగా కొండల నడుమ ఇరుకు లోయలో, గిల్లతీగ చెట్టునుంచి చెట్టుకు పాకి మనిషి నడుమంత లావున మెలికలు తిరుగుతుంది. చిక్కుడు కుటుంబానికే చెందిన ఈ తీగకు మీటరు పొడవైన కాయలు కాస్తాయి. అక్కడినుంచి పొడి వాలులకు ఎక్కితే, ప్రపంచంలో ఈ దక్షిణ తూర్పుకనుమల ప్రాంతానికే సహజంగా పరిమితమైన ఎర్రచందనం కనబడుతుంది. తేమగల రాతి నెర్రెలలో పగలంతా దాగి ఉండే బంగారు బల్లిని 1870లో బెడ్డోమ్ అనే మద్రాసు అటవీ అధికారి తిరుపతి కొండలనుంచే శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఈ అడవి 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో భాగమైంది. 2010లో శేషాచలం జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటితమైంది.

జలపాతం కింది మడుగులో స్నానం అందరికీ ఇష్టమే. అయితే పాచి పట్టిన రాళ్లకంటె పెద్ద అపాయం కనుచూపు మేరకు ఆవల పుడుతుంది. కొండ పైభాగంలో మట్టి పలుచన. పగుళ్లు ఇముడ్చుకోగలిగినదానికి మించిన వాన నేలమీద నిలువక వెంటనే వాగులోనికి చేరుతుంది, కాబట్టి మడుగువద్ద ఎండ కాస్తుండగానే ధార ఎర్రబడి ఉరవడి పెరగవచ్చు. భారీ వానల రోజులలో అటవీ సిబ్బంది సందర్శకులను కిందనే ఆపివేయడం, ఎంత దూరంనుంచి వచ్చినవారికైనా విసుగు కలిగించినా, ఈ కారణంగానే.