గోడకెక్కని మన కాంక్రీటు

కొత్త ఫ్లాట్లలో సోఫా వెనక గోడకి తప్పనిసరిగా న్యూయార్క్ వేలాడుతోంది. బ్రూక్లిన్ వంతెనో, ఎంపైర్ స్టేట్ భవనమో, ఫ్లాటైరనో, నల్లటి ఫ్రేములో, నలుపు తెలుపుల్లో. ఆ ఫొటోల గొప్పతనం కాదనను. 1902లో లేచిన ఫ్లాటైరన్‌ని మరుసటి ఏడే మంచులో తీసిన ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్, 1930లలో మారిపోతున్న నగరాన్ని వీధివీధినా తిరిగి తీసిన బెరెనీస్ అబాట్ మహా కళాకారులు. కానీ వాళ్లు తీసింది తాము బతుకుతున్న ఊరిని. మనం ఎన్నడూ అడుగుపెట్టని ఊరిని గోడకెక్కించి, మన ఎండలో నిలబడ్డ కాంక్రీటుని కన్నెత్తి చూడడం లేదు. నలుపు తెలుపుల ఫొటోకి అంతకన్నా తగిన వస్తువు లేదని నా నమ్మకం.

ఎందుకంటే మన ఆధునిక భవనాన్ని మలిచింది ఎండ. చండీగఢ్‌లో ఆర్కిటెక్టు ల కార్బూజియే గోడల ముందు లోతైన కాంక్రీటు అరలు పెట్టింది గదుల్లోకి ఎండ కొట్టకుండానే. ఆ అరల్లో నీడ పొద్దుటికీ సాయంత్రానికీ జరుగుతూ ఉంటుంది. 1955లోనూ, 1961లోనూ అక్కడికి వచ్చిన ఫొటోగ్రాఫర్ లూసియన్ ఎర్వే ఆ నీడల్నే పట్టుకున్నాడు. అదే చండీగఢ్ హైకోర్టు స్తంభాలకి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులున్నాయి కదా, వాటిని చెరిపేస్తే అబద్ధం కాదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ రంగులు చూడాలంటే రంగుల ఫొటోయే కావాలి. అయితే కప్పు ఎంత ముందుకు చాచుకుందో, దాని కింద నీడ ఎంత చిక్కనిదో తెలియాలంటే రంగు పక్కకి తప్పుకోవాలి. ఒక్కో ఫొటో ఒక్కో నిజం చెబితే చాలు.

గోడ మీది బొమ్మ అలంకారమే, దానికింత చర్చ దేనికంటారు కొందరు. ఢిల్లీలోని హాల్ ఆఫ్ నేషన్స్ ప్రదర్శనశాల గతి తెలిస్తే ఆ మాట అనరు. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా 1972లో రాజ్ రేవాల్ రూపకల్పన, మహేంద్ర రాజ్ ఇంజనీరింగ్‌తో ప్రగతి మైదాన్‌లో లేచింది. ఉక్కు ఖరీదై అందకపోతే, ఉక్కుతో కట్టాల్సిన త్రికోణాల అల్లికని కూలీల చేతులతో కాంక్రీటులో పోశారు. లోపల నడుమ ఒక్క స్తంభం లేదు. ఫొటోగ్రాఫర్ మదన్ మహట్టా దాన్ని నలుపు తెలుపుల్లో తీశాడు. అల్లిక సందుల్లోంచి దిగే వెలుగు ఆ ఫొటోల్లో ఉంది. అయినా అరవై ఏళ్లు నిండని కట్టడం వారసత్వం కిందికి రాదని అధికారులన్నారు. నలభై అయిదేళ్ల ఆ భవనాన్ని 2017 ఏప్రిల్‌లో ఒక్క రాత్రిలో నేలమట్టం చేశారు. కట్టిన ఇంజనీరు, ఆర్కిటెక్టు ఇద్దరూ బతికుండగానే! జనం తమ భవనాల్ని గోడ మీది ఫొటోల్లో రోజూ కళ్లారా చూసి మెచ్చుకునే అలవాటున్న దేశంలో ఆ పని అంత తేలిగ్గా జరిగేది కాదు. మీ ఊళ్లో మీకు నచ్చిన కాంక్రీటు భవనం ఏదైనా ఉంటే, అది నిలబడి ఉండగానే ఫొటో తీయించి గోడకి పెట్టుకోండి.