అప్పజెప్పించుకొనేవారు లేని చదువు

పదవీ విరమణ అనంతరం నేను మళ్ళీ విద్యార్థినయ్యాను. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పాల్ బ్లూమ్ 2007లో బోధించిన మనస్తత్వశాస్త్ర ప్రవేశ పాఠాలు 20, అంతర్జాలంలో ఉచితంగా లభిస్తున్నాయి. రుసుము లేదు, హాజరుపట్టీ లేదు, పరీక్ష పెట్టేవారూ లేరు. తెలుగు పండితుణ్ణి గనుక ఆ ఆంగ్లం చెవికెక్కడానికి కొన్నాళ్ళు పట్టింది. ఆపి, వెనక్కి జరిపి, తిరిగి వినే సౌలభ్యమే ఆదుకొన్నది.

వింటున్నంతసేపూ అంతా బోధపడినట్లే ఉండేది. మరునాడు మా ఆవిడ "నిన్న ఏం విన్నారు?" అని అడిగితే నాలుగు వాక్యాలకు మించి నోట రాలేదు. అరవై దాటినవానికి ఇది చిన్న విషయం కాదు. వందల పద్యాలు ధారణ చేసిన బుద్ధి సడలుతున్నదా అన్న భయం లోలోపల కదిలింది.

అందుచేత జ్ఞాపకశక్తిని గూర్చి విడిగా చదవడం మొదలుపెట్టాను. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థరహితమైన అక్షరాల వరుసలను తానే వల్లెవేసి, తన మరపును తానే కొలిచి, 1885లో గ్రంథంగా వెలువరించాడు. నేర్చిన వరుసను ఒక దినం తరువాత తిరిగి నేర్చితే మొదటి శ్రమలో సుమారు మూడవ వంతు మాత్రమే కలిసివచ్చింది. నెల తరువాత అయిదవ వంతు. అప్పటికి ఆయన వయస్సు 35 దాటలేదు! మరపు ముసలితనపు సొత్తు కాదన్నమాట.

2006లో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు కళాశాల విద్యార్థులను పరీక్షించారు. పాఠాన్ని మళ్ళీ చదివినవారు అయిదు నిమిషాల తరువాత ముందున్నారు. పుస్తకం చూడక గుర్తు తెచ్చుకొని వ్రాసినవారు వారం తరువాత వారిని మించారు.

దీనికి మన బడులలో ఏనాడో పేరుంది: అప్పజెప్పడం. వల్లెవేయడం వేరు, అప్పజెప్పడం వేరు. రెండింటినీ బట్టీ అని ఒకే గాటకట్టి తోసివేశాము. అంతర్జాలంలో పాఠం చెప్పే గురువున్నాడు, అప్పజెప్పించుకొనే గురువు లేడు.

ఇప్పుడు ప్రతి పాఠమూ కంప్యూటరు కట్టివేసి మా ఆవిడకు తెలుగులో అప్పజెబుతున్నాను. తెలుగులో చెప్పాలంటే బట్టీ పనికిరాదు. పావ్లోవ్ శునకం గంట చప్పుడుకే చొంగ కార్చిన వైనం చెబితే, "పాలచెంబు చప్పుడుకే మా పుట్టింటి ఆవు చేపేది, అదేనా?" అన్నది. అదే! ఆ పాఠం ఇక మరువను.

భయం పూర్తిగా తీరిందనను. కాని నాలుగు వాక్యాలు ఇప్పుడు నలభై అయ్యాయి. మీరూ ఈ పూట చదివినదాన్ని రేపు ఎవరికైనా అప్పజెప్పి చూడండి.