మైలేజీ పడిపోయిన కారు, తర్కం చదివిన మాస్టారు

మైళ్ళు మన రోడ్ల మీద నుంచి వెళ్ళిపోయి దశాబ్దాలు గడిచాయి. రాళ్ళ మీద కిలోమీటర్లు వచ్చాయి, పెట్రోలు లీటర్లలోకి మారింది. అయినా లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తున్నాయని అడగవలసి వస్తే "మైలేజీ ఎంత?" అనే అంటాం. వస్తువు పోయినా మాట మిగలటం భాషకు కొత్త కాదు. ఆమడలు, క్రోసులు కూడా అలాగే సామెతల్లో మిగిలాయి. నన్ను మాత్రం ఈ మాట వ్యాకరణం దాటి తర్కశాస్త్రంలోకి లాక్కుపోయింది. ఆ కథ బ్లాగ్మిత్రులతో పంచుకుందామని ఈ టపా.

మా ఇంట్లో 2013లో కొన్న చిన్న పెట్రోలు కారు ఒకటి ఉన్నది. నాకు నడపటం రాదు. మా ఆవిడ మోకాళ్ళ నొప్పుల నిమిత్తం విజయవాడకో నూజివీడుకో వెళ్ళవలసి వచ్చినప్పుడు మా వీధి చివరి కుర్రవాడొకడు వచ్చి నడుపుతాడు. అతని తండ్రి నా దగ్గర చదువుకున్నవాడే. ఆయన పోయాక ఇంటి భారం ఇతని మీద పడింది. రోజుకూలి మీద పదిమంది కార్లు నడిపి చెల్లెల్ని చదివిస్తున్నాడు.

ఏళ్ళ తరబడి హాజరుపట్టీలు నింపిన చేయి కనుక, పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, కారు తిరిగిన కిలోమీటర్లు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టటం నాకు అలవాటు. 2022 నుంచి 2024 దాకా ఆ పుస్తకంలో లీటరుకు 17 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉన్నది. 2025 వర్షాకాలం ముగిసేనాటికి అది 14కు దిగింది. నూటికి పద్దెనిమిది వంతులు పోయినట్లు లెక్క.

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి ఫోనులో ఈ మాట చెప్పాను. వాడు క్షణం ఆలోచించలేదు. "నాన్నగారూ, బండిలో ఏమీ లేదు. ఆ కుర్రాడు పెట్రోలు తీసి అమ్ముకుంటున్నాడు. మాన్పించెయ్యండి" అన్నాడు. పక్కింటి విశ్రాంత ఉద్యోగి కూడా అదే తీర్పు చెప్పారు. విస్సన్నపేట పెద్ద ఊరేమీ కాదు. ఇలాంటి మాట ఒక గుమ్మం దాటితే సాయంత్రానికి బస్టాండు చేరుతుంది. ఆ తరువాత ఆ పిల్లవాడి చేతికి ఊళ్ళో ఎవరూ తాళాలివ్వరు. మనకు పోయేది మూడు కిలోమీటర్లు, అతనికి పోయేది అన్నం.

భాషాప్రవీణ చదివే రోజుల్లో అన్నంభట్టు తర్కసంగ్రహం మాకు పాఠం చెప్పారు. అందులోని హేత్వాభాసలు, అంటే హేతువుల్లా కనిపించే దొంగహేతువులు, ఇన్నాళ్ళకు పనికివచ్చాయి. "మైలేజీ తగ్గింది, కనుక దొంగతనం జరిగింది" అన్నది సవ్యభిచారం. దొంగ ఉన్నచోటా మైలేజీ తగ్గుతుంది, దొంగ లేనిచోటా తగ్గుతుంది. రెండు చోట్లా ఉండే గుర్తు ఏ ఒక్కదానినీ నిరూపించలేదు. నిప్పు ఉన్నంత మాత్రాన పొగ రాదు, తడి కట్టె తోడుకావాలి. దానినే నైయాయికులు ఆర్ద్రేంధన సంయోగమన్నారు. మా కారుకు తోడైన తడి కట్టె ఏదో వెదకాలి.

మొదట ప్రత్యక్షప్రమాణం చూశాను. బంకులో పంపు తనంతట తాను ఆగేవరకు ట్యాంకు నింపించి, అంకె రాసుకున్నాను. ఆ తరువాతి ప్రయాణాలన్నిటిలో నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఇంటికి రాగానే కారు షెడ్డులోకి, తాళంచెవి నా జేబులోకి. 210 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర, అదే పద్ధతిలో మళ్ళీ నింపించాను. 15 లీటర్లు పట్టింది. అంటే సరిగ్గా 14. దొంగతనానికి సందే లేనప్పుడూ మైలేజీ అంతే ఉన్నది! మా అబ్బాయి అనుమానం బాధితమయింది.

తరువాత బంకు కొలత. అయిదు లీటర్ల ముద్రవేసిన కొలపాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి, అడిగితే మన ఎదుటే కొలిచి చూపాలి. చూపించారు, సరిగానే ఉన్నది. టైర్లలో గాలి కొంత తగ్గి ఉంటే పట్టించాము. అందువల్ల పోయేది నూటికి ఒకటో రెండో వంతులు. ఎయిర్ ఫిల్టరు దుమ్ము పట్టిందని ఒకరన్నారు. పాత కార్బ్యురేటరు బండ్లకు అది పెద్ద దోషమే. ఇంజెక్షను బండ్లలో గాలి తగ్గితే కంప్యూటరు పెట్రోలును కూడా తగ్గిస్తుంది. మూసుకుపోయిన ఫిల్టరు బండి వేగమందుకోవటాన్ని మందగింపజేస్తుందే కాని మైలేజీని పెద్దగా తినదని అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాల 2009లోనే పరీక్షించి చెప్పింది.

ఇక అందరి నోటా ఉన్న ఇథనాలు. మన పెట్రోలులో దానిని పదిశాతం కలపటం 2022 జూను నాటికి పూర్తయింది. ఇరవై శాతం కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై 2025 నాటికి దేశమంతా పరచుకున్నది. చెరకు నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి తీసే ఈ ఇథనాలులో, లీటరుకు లీటరు చూస్తే, పెట్రోలుకన్న శక్తి మూడోవంతు తక్కువ. కనుక పది నుంచి ఇరవై శాతానికి మారితే లీటరులోని శక్తి నూటికి మూడు నాలుగు వంతులు తగ్గుతుంది. మా కారువంటి పాత బండ్లకు నష్టం ఆరు వంతుల దాకా ఉండవచ్చునని ప్రభుత్వ లెక్కలే ఒప్పుకున్నాయి. సరే, ఆరు అనుకుందాం. పద్దెనిమిదిలో మిగిలిన పన్నెండు ఎక్కడికి పోయినట్లు? నిజమైన కారణమే అయినా, దాని మోయగల శక్తికి మించిన నింద దాని నెత్తిన పెట్టటం కూడా తప్పే.

ఇంతమంది ఆ కుర్రవాడి గురించి మాట్లాడారు కాని, ఎవరూ అతనితో మాట్లాడలేదు. నేను అడిగాను. "ఏమిరా అబ్బాయ్, బండిలో నీకేమైనా తేడా తెలుస్తున్నదా?"

అతను తడుముకోకుండా చెప్పాడు. "ఇదివరకు పల్లంలో కాలు తీస్తే దానంతటదే జారిపోయేది మాస్టారూ. వానల తరువాత కాలు తీయగానే ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఆగుతోంది. చెబుదామనే అనుకున్నానండి. బండి పాడుచేశానంటారేమోనని..."

ఆ మాటతో ముడి విడిపోయింది. కొంత దూరం నడిపించి, ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చేయి పెట్టి చూశాము. ముట్టుకోలేదు, దగ్గరగా పెట్టామంతే. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. ముందు కుడి చక్రం కుంపటిలా సెగ కొడుతున్నది. తిరువూరులో ఒక మెకానిక్కు దగ్గర జాకీ మీద లేపితే ఎడమ చక్రం చేత్తో తోయగానే తిరిగింది. కుడిది మొరాయించింది. బ్రేకు క్యాలిపర్ ముందుకూ వెనక్కూ జరగటానికి ఉండే పిన్నులు, లోపల గ్రీజు ఎండి, వానలకు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. పెడలు వదిలినా ప్యాడ్లు డిస్కును వదలటం లేదు. అంటే కారు నిత్యం బ్రేకు వేసుకునే నడుస్తున్నది! పిన్నులు శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, అరిగిన ప్యాడ్లు మార్చాడు. రెండు వేల రూపాయల లోపే అయింది. మైలేజీ మాట అటుంచితే, అలాగే వదిలేస్తే ఏదో ఒకనాడు బ్రేకులే పట్టవన్నాడు. ఆ బండిలో మా ఆవిడను ఎక్కించుకుని వారానికొకసారి తిరుగుతున్నాము.

తరువాతి పరీక్షలో 15 లీటర్లకు 243 కిలోమీటర్లు వచ్చాయి. లీటరుకు 16.2. పాత 17కు తక్కువైన ఎనిమిది పాళ్ళు నూటికి అయిదు వంతులకు లోపే. ఇథనాలు వాటా ఇంచుమించు అంతే.

మా అబ్బాయికి లెక్క మొత్తం చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. దసరాకు వచ్చినప్పుడు ఆ కుర్రవాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగాడు. ఏమి మాట్లాడుకున్నారో నేను అడగలేదు. పక్కింటివారికి మాత్రం నేనే వెళ్ళి చెప్పివచ్చాను. నింద దానంతటదే నడిచి వెళ్తుంది. నిజాన్ని మనమే మోసుకువెళ్ళాలి.

మిత్రులకు మనవి. మైలేజీ పడిపోతే ముందు ట్యాంకు నుంచి ట్యాంకుకు కొలవండి, ఒక్కసారి కాదు, రెండుమూడు సార్లు. టైర్లలో గాలి చూడండి. చక్రాల వేడి చూడండి. ప్రతి కారణానికీ దాని వంతు ఎంతో లెక్కకట్టి, మిగిలిన దానిని వెదకండి. బండి నడిపేవాణ్ణి తప్పక అడగండి.

ఇప్పుడు మా నోటుపుస్తకంలో అంకెలు ఆ కుర్రవాడే రాస్తున్నాడు. ఏడును ఒకటిలా రాస్తాడు. దిద్దుతున్నాను. మీ బండ్ల అనుభవాలుంటే రాయండి, చదివి అతనికీ చెబుతాను.