గేటు బయట ఆటో

పొద్దున చర్చి గేటు కాడ ఆటో ఆగింది. ఒకాయన వాళ్ళమ్మను చెయ్యి పట్టి దింపిండు. తను మాత్రం లోపలికి రాలే.

"రా అన్నా, వచ్చి కూసో" అన్న.
"వద్దు తమ్మీ. రాత్రి తాగిన. ఇంకా వాసనొస్తది. అది దేవుని జాగ."

ఆరాధన అయ్యేదాంక హుస్నాబాద్ ఎండల, ఆటోలనే ఉన్నడు. ప్రార్థన వినవడ్డప్పుడల్లా తల వంచుతనే ఉన్నడు.

ఆయన భయం ఉత్తది గాదు. గుడిల దేవుని పరిశుద్ధత చూసి, నా పెదవులు అపవిత్రమని యెషయా ప్రవక్త కూడ వణికినోడే. కాని బలిపీఠం మీది నిప్పు ఆయన కాడికే వచ్చి పెదవులను తాకింది.
సుంకం వసూలు జేసే జక్కయ్య, జనం కాడ గుంజిన పైసలు వాపస్ ఇస్తనన్నది కూడ, యేసు 'మీ ఇంట్ల ఉంట' అన్నంకనే గదా!

చిన్నప్పుడు మెదక్ చర్చి గోపురం చూస్తే మెడ నొచ్చింది. 175 అడుగులు మరి. ఆ ఆటో అన్న లెక్కనే నేను కూడ, దేవుడు గంత ఎత్తుల, దూరం ఉంటడనుకున్న. 1924ల ప్రతిష్ఠించిన ఆ గుడిని, కరువుల ఆకలైనోళ్ళకు పని, బువ్వ ఇచ్చుకుంట కట్టిన్రని తర్వాత తెలిసింది.

ఇయ్యాల ముందు వరుసల ఇస్త్రీ అంగీతోని కూసున్నది నేను. ఆ ఆటోల కూసున్నాయన లెక్క ఒక్కసారన్న తల వంచిన్నా?

మీ చర్చి గేటు కాడ ఇసొంటోళ్ళు ఉంటే ఏమని పిలుస్తరు? చెప్పున్రి.