ఏం దేవులాడుతున్నరు?

గత నెల ఏమీ రాయలేదని కొందరు ఫోన్ చేసి అడిగారు. రాయాలని కూర్చున్న ప్రతిసారీ ఈ ఒక్క సంగతే ముందుకొచ్చి నిలబడింది. దీన్ని రాయడానికేమో ధైర్యం చాలలేదు.

జనవరిలో ఒక మంగళవారం. ఉదయ ప్రార్థన ముగించి టీ తాగుతుండగా ఫోన్ మోగింది. మా సంఘంలోని ఒక సహోదరుడు షంషాబాద్ విమానాశ్రయం దగ్గర క్యాబ్ నడుపుతాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అయ్యగారూ, ఒక తెల్లాయన ఎక్కిండు. చార్మినార్ పోదామంటే వద్దంటుండు. అడ్రస్ అడిగితే ఫోన్ల నంబర్లు చూపెడుతుండు. ఆ నంబర్లు కొడితే మ్యాపు మన ఊరి గుండ్ల కాడికే తీస్కపోతున్నది. ఏముంది ఆడ అంటే క్యాష్, క్యాష్ అంటుండు."

మా గుండె గుభేలుమంది. మా వైపు గుండ్ల మధ్య డబ్బు వెదకడమంటే అందరికీ తెలిసింది ఒక్కటే, గుప్తనిధులు. పాత గుడి వెనకో, గుట్ట మీదో తెల్లవారేసరికి గొయ్యి, చుట్టూ పసుపు కుంకుమలు, నిమ్మకాయలు, కోసిన కోడి. అలాంటి వార్తలు పేపర్లో చదువుతూనే ఉంటాం. ఊరివాళ్ళ కంటబడితే ముందు కొట్టి తర్వాత అడుగుతారు. "ఆయన్ని కారు దిగనివ్వకు, వస్తున్నాం" అని బండి తీశాము.

ఆయన జర్మనీ దేశస్థుడు. యాభై దాటి ఉంటాయి. తర్వాతి విమానానికి ఇంకా ఆరు గంటల సమయం ఉందట. మాది సెమినరీ ఇంగ్లీషు. విశ్వాసమూలముగా నీతిమంతులుగా తీర్చబడుటను గురించి గంటసేపు చెప్పగలం గానీ, "అయ్యా, మీరు వెదికేదేమిటి" అని మర్యాదగా అడగడానికి నాలుక తిరగలేదు. ఆయనే ఓపిగ్గా చెప్పాడు. మిగిలింది ఇంటికొచ్చాక చదువుకున్నాము.

ఆ ఆట పేరు జియోక్యాషింగ్. ఇక్కడ క్యాష్ అంటే డబ్బు కాదు. ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, దాచిపెట్టిన చోటు అని అర్థం. మన ఫోన్లలో దారి చూపించే జీపీఎస్ అమెరికా వారి ఉపగ్రహాలతో మొదలైంది. సామాన్యులకు అందే సంకేతాన్ని వాళ్ళు కావాలనే కొంత చెడగొట్టి పంపేవారు. చోటు చూపిస్తే వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే మొదట్లో అధ్యక్షుడు క్లింటన్ ఆ అడ్డు తీసేయించారు. వెంటనే, మే 3న, ఆరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ దగ్గర డేవ్ ఉల్మర్ అనే ఆయన అడవిలో ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్‌ను సగం నేలలోకి దించి పెట్టి, అది ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో రాశారు. బకెట్‌లో ఒక పుస్తకం, పెన్సిల్, కొన్ని వస్తువులు, ఒక చిక్కుడు గింజల డబ్బా కూడా. మూడు రోజుల్లోపే ఇద్దరు దాన్ని కనిపెట్టారు. అదే ఏడు సెప్టెంబరులో ఈ ఆటకు ఒక వెబ్‌సైటు పుట్టింది. ఇప్పుడు ప్రపంచమంతటా ముప్పై లక్షలకు పైగా ఇలాంటి డబ్బాలు రాళ్ళ కింద, చెట్టు తొర్రల్లో, వంతెనల పక్కన దాగి ఉన్నాయట.

నియమాలు మాకు నచ్చాయి. నేల తవ్వి పాతిపెట్టకూడదు. స్థలం సొంతదారును అడగాలి. డబ్బాలో వస్తువులుంటే ఒకటి తీసుకోవచ్చు, కానీ అంతకు తక్కువ కానిది దాని బదులు పెట్టాలి. తినేవి పెట్టకూడదు. విమానాశ్రయాలు, సైనిక స్థావరాలు, బడులు, రైలు పట్టాల దగ్గర దాచకూడదు, పోలీసులు బాంబు అనుకుంటారు. అందుకే ఆరు గంటలు చేతిలో ఉన్న ప్రయాణికుడు విమానాశ్రయం దాటి మా ఊరి గుండ్ల దాకా రావలసి వచ్చింది. ఈ ఆట తెలియని మనలాంటి వాళ్ళను వాళ్ళు మగుల్స్ అంటారట, హ్యారీ పోటర్ కథల్లో మంత్రం తెలియనివాళ్ళను అన్నట్టు. మగుల్స్ చూస్తుండగా డబ్బా తీయకూడదు. మొదటి మగుల్ మా క్యాబ్ సహోదరుడు, రెండో మగుల్ మేము. ఆ చోటు ఇక్కడ మేము చెప్పడం లేదు. చెబితే ఆట పాడవుతుంది.

నడిచాము. ఫోన్‌లో నలభై మీటర్లు, పదిహేను, ఆరు. డిగ్రీ, నిమిషం, నిమిషం తర్వాత చుక్క పెట్టి మూడంకెలు. చివరి అంకె ఒకటి మారితే నేల మీద తేడా రెండు మీటర్ల లోపే. అంత దగ్గరికి చేర్చి ఫోన్ చేతులెత్తేస్తుంది. ఆ తర్వాత వంగి చూడాల్సింది మన కళ్ళతోనే. ఆయన ఒక గుండు కింద, మేము ఒక గుండు కింద, సహోదరుడేమో పాము ఉంటుందని కర్రతో దూరం నుంచి. ముప్పావు గంట వెదికాము. తొండలు, ఒక పగిలిన సీసా, ఎవరిదో ఒంటి చెప్పు. ఇంతే.

వెదుకుతూ మేము మత్తయి 13వ అధ్యాయమే తలచుకుంటున్నాము. పొలములో దాచబడిన ధనమును గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానం. దొరికినవాడు దాన్ని మళ్ళీ దాచి, ఉన్నదంతా అమ్మి ఆ పొలం కొన్నాడు. కిందటేడు మా యువజన కూటంలో ఒక డిగ్రీ పిల్లవాడు "అది మోసం కాదా అయ్యగారూ?" అని నిలబెట్టి అడిగాడు. మన దేశంలో 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఒకటుంది. నేలలో దాగిన ధనం పది రూపాయల విలువ దాటితే దొరికినవాడు కలెక్టరుకు తెలియజేయాలి. హక్కుదారు ఎవరూ తేలక, వాళ్ళ మధ్య వేరే ఒప్పందం లేకపోతే, దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, స్థలం సొంతదారుకు ఒక వంతు. ఈ లెక్కన ఉపమానంలోని మనిషి మీద కేసు పడేది. కొన్నవాడి సంతోషాన్ని గూర్చి మేము ఎన్ని ప్రసంగాలు చేశామో. అమ్మినవాడు ఆ రాత్రి ఇంటికెళ్ళి ఏమనుకున్నాడో ఒక్కసారీ ఆలోచించలేదు.

అప్పుడే గుండు మీద నుంచి కేక వినబడింది.

"ఏం దేవులాడుతున్నరు?"

మా వైపు వెదకడాన్ని దేవులాడుడు అంటారు. ఆ మాటలో దేవుడు దాగి ఉన్నాడని మాకెప్పుడూ అనిపిస్తుంది. వ్యాకరణం తెలిసినవారు నవ్వితే నవ్వనివ్వండి. ఆ రోజు మాత్రం మాటకంటే ముందు గొంతు తెలిసింది. తల ఎత్తలేకపోయాము.

ఆయన మా క్యాబ్ సహోదరుని తండ్రి. ఇప్పుడు మేకలు కాస్తాడు. ఒకప్పుడు ఆ గుండ్ల పక్కనే ఆయనకు రెండెకరాల పది గుంటల పొలం, ఒక బావి ఉండేవి. డిప్లొమా పట్టుకొని మేము ఈ ఊరికి వచ్చిన కొత్తలో, మందిరంలో రాత్రి బడి పెట్టి పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పాము. ఆయన చేతిని మా చేత్తో పట్టి దిద్దించి సంతకం నేర్పింది మేమే. 2002లో కూతురి పెళ్ళి కుదిరింది, అప్పులున్నాయి. పొలం అమ్మనా, ఇంకో ఏడాది ఆగనా అని ఆయన మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. షంషాబాద్‌కు విమానాశ్రయం వస్తుందన్న మాట అప్పటికే కొన్నేళ్ళుగా నలుగుతోంది. "ఆ మాటలు నమ్మి అప్పు మీద వడ్డీ పెంచుకుంటావా? అమ్మేయి, దేవుడు చూసుకుంటాడు" అన్నాము. మేము నేర్పిన సంతకం ఆయన మొదటిసారి పెట్టింది ఆ అమ్మకం కాగితాల మీదే.

2005 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 23 నుంచి బేగంపేట విమానాలన్నీ ఇటు వచ్చేశాయి. దాదాపు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం, దానికి అవుటర్ రింగు రోడ్డు, దాని వెంట వెంచర్లు. ఆయన రెండెకరాలకు పుచ్చుకున్న డబ్బుకు ఇవాళ ఆ ప్లాట్లలో కారు నిలిపేంత జాగా కూడా రాదు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మందిరంలో ముందు వరుస నుంచి వెనక వరుసకు వెళ్ళాడు, తర్వాత పండుగలకే వచ్చాడు, తర్వాత రావడం మానేశాడు. కొడుకు మాత్రం వస్తూనే ఉన్నాడు. మేమేమో ఆ దారిన వెళ్ళాల్సి వస్తే బండిని చుట్టు తిప్పేవాళ్ళం. ఇరవై ఏళ్ళకు పైగా తిప్పాము.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. సెమినరీలో యిర్మీయా 32వ అధ్యాయం మీద పెద్ద వ్యాసమే రాశాము. శత్రువు పట్టణాన్ని ముట్టడించి ఉండగా, ఎవరూ సెంటు భూమి కొనని రోజున, ప్రవక్త అనాతోతులోని పొలాన్ని 17 తులాల వెండి తూచి కొన్నాడు. క్రయపత్రాలు చాలాకాలం పాడవకుండా మంటికుండలో దాచమని బారూకుతో చెప్పాడు. ఆ వ్యాసానికి మాకు మంచి మార్కులు కూడా వచ్చాయి. పొలం విషయంలో ఒక మనిషి మన ముందు కూర్చున్న రోజున ఆ అధ్యాయం గుర్తే రాలేదు.

ఆయన గుండు దిగి వచ్చాడు. కొడుకు విషయం చెప్పాడు.

"గా డబ్బానా? రెండేండ్ల సంది చూస్తున్న. ఎవలెవలో వస్తరు, తీస్తరు, ఏదో రాస్తరు, మల్ల పెడతరు. మొన్న వానలకు నీళ్ళల్ల తేలుతుంటే తీసి మీద పెట్టిన."

నాలుగడుగులు వేసి, పైనున్న ఒక పలక రాయి పక్కకు జరిపాడు. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ డబ్బా, దానికి రబ్బరు బ్యాండు. మృతసముద్రం దగ్గర కుమ్రాను గుహలో 1952లో ఒక రాగి చుట్ట దొరికింది. అరవైకి పైగా చోట్ల దాచిన బంగారం, వెండి జాబితా దాని మీద చెక్కి ఉంది, ఫలానా మెట్ల కింద, ఫలానా తొట్టిలో అని. ఆ మెట్లు, ఆ తొట్లు ఎరిగినవాళ్ళు లేకపోయారు. ఇంతవరకు వాటిలో ఒక్కటీ బయటపడలేదు. ఆ రోజు మాకు ఎరిగినవాడు ఉన్నాడు, అందుకని దొరికింది.

"నువ్వెందుకు తీసి పెట్టినవ్ నాయినా?" అన్నాడు కొడుకు.

"ఎవలో దాసుకున్నరు గద. పోతే వాళ్ళకు బాధ గాదా?"

డబ్బాలో ఒక పొడవాటి కాగితం చుట్ట, చిన్న పెన్సిల్. అంతే. కాగితం నిండా తేదీలు, పేర్లు, ఏవేవో లిపులు. జర్మనీ ఆయన మురిసిపోయి పేరు రాశాడు. దేశం కాని దేశంలో ఎండలో ముప్పావు గంట వంగి, తీసుకోవడానికి ఏమీ లేకుండా, వచ్చానని రాసి వెళ్ళడానికి ఇంత దూరం. రాసి, పెన్సిల్ పెద్దాయన ముందుకు చాచాడు. డబ్బాను కాపాడింది ఆయనే కాబట్టి ఆయన పేరు ఉండాలన్నాడు. మేము తెలుగులో చెప్పాము.

పెద్దాయన పెన్సిల్ తీసుకోలేదు. మా ముఖంలోకి చూశాడు.

"దీని మీద సంతకం పెడితే ఏం పోతది, అయ్యగారూ?"

జర్మనీ ఆయన ఏమన్నాడని మమ్మల్ని అడిగాడు. అనువాదం చేయలేకపోయాము. కొడుకు తల తిప్పుకొని కారు వైపు చూస్తున్నాడు.

"ఏమీ పోదు" అన్నాము. ఆ తర్వాత, ఎప్పుడో చెప్పవలసింది చెప్పాము. "ఆ రోజు మేము తొందరపడ్డాం. నీ పొలం గురించి మాకేమీ తెలియదు. తెలిసినట్టు చెప్పాం. క్షమించు."

ఆయన చాలాసేపు మేకల వైపు చూశాడు.

"మీరు చెప్పకున్నా అమ్ముదును. పిల్ల పెండ్లి ఆగుతదా? గని ఒక్కపారన్న వచ్చి ఎట్లున్నవని అడగకపోతిరి."

దానికి మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు.

"ముందు మీరు పెట్టుండ్రి" అన్నాడు.

కాగితాన్ని బండి సీటు మీద ఆనించి పేరు రాశాము. చేయి వణికింది. మా కింద ఆయన రాశాడు. మేము నేర్పినప్పటి అక్షరాలే, 'య' దగ్గర ఆయన ఇప్పటికీ ఆగి ఆలోచిస్తాడు. జర్మనీ ఆయన రాయి కొత్త చోటు అంకెలు ఫోన్‌లో ఎక్కించుకున్నాడు, దాచినవారికి పంపుతానని. డబ్బాను పెద్దాయనే పలక రాయి కింద పెట్టాడు.

"నాయినా, కారెక్కు. ఇంటికాడ దింపి పోత" అన్నాడు కొడుకు.

"మేకలు ఎక్కుతయా నీ కార్ల?"

కారు వెళ్ళిపోయింది. మేము బండి అక్కడే వదిలి, ఆయన వెంట మేకల వెనకాల నడిచాము. కుంట దాకా అనుకున్నాం గానీ ఆయన వెంచర్ వైపు తిరిగాడు. ఇంకా ఇళ్ళు లేవక తెల్లరాళ్ళు మాత్రమే ఉన్న ప్లాట్ల మధ్య, తన గట్టు ఎక్కడిదాకా ఉండేదో, మోటారు ఎక్కడ పెట్టాడో, పెళ్ళిలో వండిన బియ్యం ఏ మడిలో పండాయో చెప్పుకుంటూ వచ్చాడు. పైన ఒక విమానం చాలా కిందుగా దిగుతూ పోయింది. ఆయన చూడలేదు. ముప్పై అడుగుల రోడ్డు మలుపులో ఆగి, చెప్పు విడిచి, పాదంతో తారును రెండుసార్లు తట్టాడు.

"బాయి గీడ" అన్నాడు.