పెట్టెకు రాని గమకం

భక్తి సంగీతం అనగానే మనస్సు నెమ్మదిస్తుంది. రాక్ సంగీతం అనగానే చేతులు చెవుల మీదికి పోతాయి. ఈ రెంటినీ ఒకే తాటికి కట్టి ‘క్రైస్తవ రాక్’ అని పేరు పెడితే వినేవారు కనుబొమలు ముడివేయడం సహజమే. అయినా ఆ పెళ్లి ఏనాడో జరిగిపోయింది. 1964లో ఇంగ్లండులో సాల్వేషన్ ఆర్మీకి చెందిన ‘జాయ్‌స్ట్రింగ్స్’ బృందం తమ సంస్థ యూనిఫారాలతోనే గిటార్లు పట్టుకొని పాడగా, ఆ పాట అక్కడి జనాదరణ పట్టికకెక్కింది. 1969లో అమెరికాలో లారీ నార్మన్ ‘అపాన్ దిస్ రాక్’ అనే రికార్డు వెలువరించాడు. 1972లో ఆ దేశంలోనే పుట్టిన మరో బృందం తనకు ‘పెట్రా’ అని పేరు పెట్టుకొంది. గ్రీకు భాషలో ఆ మాటకు అర్థం బండ. ఇంగ్లీషులో ‘రాక్’ అన్నా బండే. సంగీతం పేరులోనే సువార్తలోని పేతురు పేరు దాగి ఉన్నదని ఆ యువకులు మురిసిపోయారు.

ఈ పాటలు క్యాసెట్లలో సముద్రాలు దాటి వచ్చాయి. షిల్లాంగ్, ఐజాల్, కోహిమా వంటి ఈశాన్య పట్టణాలలో గిటారు అప్పటికే ఇంటింటి వాద్యం. దక్షిణాన వీటికి తలుపు తెరిచిన ఊళ్లలో సికింద్రాబాదు ఒకటి. 1806లో కంటోన్మెంటుగా వెలసిన ఆ ఊరిలో రైల్వే ఉద్యోగాల కారణంగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. లాలాగూడ, మెట్టుగూడ ప్రాంతాల రైల్వే క్వార్టర్లలో సాయంకాలం గిటారు మోగడం కొత్త సంగతి కాదు. 1996లో అక్కడి ఒక చిన్న తెలుగు సంఘంలో నలుగురు కుర్రవాళ్లు కలిసి ఒక రాక్ బృందం పెట్టడానికి ఈ నేపథ్యమే కారణం.

నలుగురికీ ఇరవై ఏళ్లు దాటలేదు. పాడేవాడు, గిటారు వాయించేవాడు ఒక్కడే. అతడు ఇంజినీరింగ్ విద్యార్థి. రెండవవాడు బేస్ గిటారు, మూడవవాడు కీబోర్డు. నాలుగవవాడు రైల్వే వర్క్‌షాపు కార్మికుని కొడుకు. డ్రమ్ములు అతని వంతు. బృందానికి ఒక పేరంటూ ఉండేది గాని, క్రిస్మస్ నాటికి ఉన్న పేరు ఈస్టరు దాకా నిలిచేది కాదు. ఉద్యోగ విరమణ చేసిన ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు వారానికి రెండు రోజులు వారికి ఉచితంగా గిటారు నేర్పేవాడు. మిగిలిన చదువంతా క్యాసెట్ల వల్లనే. ఒక్కొక్క పంక్తిని పదిసార్లు వెనక్కు తిప్పి వింటే టేపు సాగిపోయేది. అప్పుడు స్వరమూ సాగేది. ఆ సాగిన స్వరాన్నే అసలు స్వరమనుకొని సాధన చేసిన రోజులూ ఉన్నాయి.

గిటారుకు తగిన ఆంప్లిఫయరు కొనే స్తోమత లేదు. పెళ్లిళ్లకు మైకుసెట్టు అద్దెకిచ్చే దుకాణంవాడు పాత ఆంప్లిఫయరు ఒకటి తక్కువ ధరకు ఇచ్చాడు. ఉపన్యాసాలకు అలవాటుపడిన ఆ యంత్రం గిటారును కూడా ఎన్నికల ప్రసంగంలాగే వినిపించేది. సాధన గుడి వెనుక ఉన్న సండే స్కూలు గదిలో జరిగేది. చిన్నపిల్లల కుర్చీలలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చొని వాయించేవారు. ఇరుగుపొరుగు ఫిర్యాదు చేయకుండా పెద్ద డ్రమ్ములో ఒక దిండు కుక్కి, చిన్న డ్రమ్ము మీద తువ్వాలు పరిచేవారు.

అయినా ఫిర్యాదులు రానే వచ్చాయి. గుడిలో సినిమా సంగీతం చొరబడిందని కొందరు సంఘపెద్దలు అన్నారు. కమిటీ మూడు షరతులు పెట్టింది: ఆదివారం ఆరాధనలో వాయించరాదు, యౌవనస్థుల కూటాలకు, క్రిస్మస్‌కు మాత్రమే అనుమతి, శబ్దం ప్రహరీగోడ దాటరాదు. మొదటి రెండు షరతులను కుర్రవాళ్లు పాటించారు. మూడవదానిని పాటించడం ఎవరి తరమూ కాలేదు.

డ్రమ్ములు వాయించే కుర్రవానికి ఇంటిపోరు కూడా తోడైంది. అతని తాత మెదక్ ప్రాంతపు పల్లెలో డప్పు వాయించేవాడు. ఊరిలో ఎవరు చనిపోయినా, ఏ జాతర జరిగినా పిలవగానే వెళ్లి వాయించవలసిందే. కాదనే హక్కు లేదు. క్రైస్తవం పుచ్చుకొన్న రోజు ఆయన డప్పును అటకమీద పెట్టేశాడు. ఆయనకు అది వాద్యం కాదు, వెట్టి. అందుకే మనుమడు డ్రమ్ముల ముందు కూర్చోవడం చూసి ఇంట్లోవారు నొచ్చుకొన్నారు. “తాత దించుకొన్న బరువును నువ్వు మళ్లీ ఎత్తుకొన్నావేమిరా?” అని తండ్రి అడిగాడు. కుర్రవాడు కొంతసేపు ఆలోచించి, “తాతను పిలిపించుకొని కొట్టించారు నాన్నా. నేను నాకు నేనుగా కొడుతున్నాను” అన్నాడు. తండ్రి ఆ తరువాత మళ్లీ అడగలేదు.

ఒక వాద్యాన్ని గుడి గుమ్మం వద్ద ఆపడం ఈ ఒక్క సంఘంలోనే జరిగినది కాదు. మిజోరంలో తొలి మిషనరీలు స్థానికుల డోలును ఆరాధనలోకి రానివ్వలేదు. కాలక్రమాన అదే డోలు అక్కడి చర్చి గానానికి ఆయువుపట్టు అయింది. తెలుగునాట 19వ శతాబ్దిలో పురుషోత్తమ చౌధరి ప్రభృతులు దేశీయమైన రాగతాళాలతో క్రైస్తవ కీర్తనలు రచించారు. ఈనాటికీ ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో పాటపైన రాగం పేరు, తాళం పేరు ముద్రించి ఉండటం చూడవచ్చు.

ఆ కీర్తనలకు ఈ సంఘంలో కావలి కాసేవారు హార్మోనియం మాస్టారు. గుంటూరు ప్రాంతం నుంచి వచ్చి, రైల్వే పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసి విరమించిన వృద్ధుడు. ఆదివారం ఆయన హార్మోనియం మెట్ల మీద వేళ్లు పెట్టనిదే ఆరాధన ఆరంభమయ్యేది కాదు. గిటారుకు తొలి ప్రత్యర్థి ఆయనే అని కుర్రవాళ్లు నమ్మేవారు. ఆయన కనిపిస్తే గిటార్లు వీపు వెనుక దాచుకొని, “వందనాలండీ మాస్టారూ” అని పక్కకు తప్పుకొనేవారు.

1997 వేసవిలో ఒక సాయంకాలం కరెంటు పోయింది. ఆంప్లిఫయరు మూగబోయింది. గిటారు కుర్రవాడు మామూలు గిటారు తీసుకొని, రాక్ వాద్యకారులు అందరూ మొదట నేర్చుకొనే ఐదు స్వరాల వరుసను చీకటిలో సాధన చేస్తున్నాడు. వారు దానిని పెంటటానిక్ స్కేలు అంటారు. తలుపు దగ్గర ఒక గొంతు వినిపించింది.

“అది శుద్ధ ధన్యాసి గదరా బాబూ! ఎవరు నేర్పారు?”

మాస్టారు లోపలికి వచ్చి ఒక చిన్న కుర్చీలో ఒదిగి కూర్చొన్నారు. కుర్రవాడు ఆ స్వరాలను మరల వాయించాడు. ‘స గ మ ప ని’ అని ఆయన గొంతు కలిపారు. ఆయన అన్నది అక్షరాలా నిజమే. రాక్ గిటారుకు పునాది అయిన మైనర్ పెంటటానిక్, కర్ణాటక సంగీతంలోని శుద్ధ ధన్యాసి ఒకే ఐదు మెట్లపై నడుస్తాయి. మేజర్ పెంటటానిక్ మన మోహన. నడకలో, పలుకుబడిలో ఎంతో తేడా ఉన్నా మెట్లు అవే. తరువాత కుర్రవాడు తీగను వేలితో పక్కకు లాగి స్వరాన్ని వంచాడు. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. “ఏదీ, ఇంకొకసారి” అన్నారు. మళ్లీ విని, నెమ్మదిగా, “నా పెట్టెకు రాని గమకం నీ తీగకు వస్తున్నదిరా నాయనా” అన్నారు.

ఆ మాట వెనుక ఆయన జీవితం ఉన్నది. హార్మోనియం 19వ శతాబ్దిలో ఐరోపాలో పుట్టి మన దేశానికి వచ్చిన వాద్యం. దాని స్వరాలు బిగించిన మెట్లు. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారడం దానికి చేతకాదు. ఆ కారణంగానే రవీంద్రనాథ్ ఠాగూర్ వంటివారు దానిని నిరసించారు. 1940లో ఆల్ ఇండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. మాస్టారు యువకుడుగా ఉన్నప్పుడు ఒక రేడియో కేంద్రానికి ఎంతో ఆశతో వెళ్లి, పెట్టె మూత తెరవకుండానే తిరిగివచ్చారట. “మీ వాద్యం మన సంగీతానికి పనికిరాదు” అన్నారట అక్కడ. “ఆ మాటే నేను మీ గురించి కమిటీలో అన్నాను” అని ఆయన ఆ చీకటిలో చెప్పారు. కుర్రవాళ్లు ఏమీ అనలేదు. ఆ మరుసటి నెలలో ఒక కీర్తనకు హార్మోనియం, గిటారు కలిసి మోగాయి. అదీ ఆదివారం ఆరాధనలో. ఆక్షేపించినవారు లేకపోలేదు. కాని ఆక్షేపణ చెప్పవలసిన మాస్టారే వాద్యం ముందు కూర్చొని ఉండగా మాట పైకి రాలేదు.

కథ ఇక్కడే ముగిస్తే అందంగానే ఉండేది. కాని 1998లో గిటారు కుర్రవాని చెల్లెలికి మెదడువాపు వచ్చింది. పదిహేనేళ్ల పిల్ల. సంఘమంతా వారం రోజులు ఉపవాసాలుండి ప్రార్థించింది. ఎనిమిదవ రోజున ఆ పిల్ల చనిపోయింది. నలభై రోజుల తరువాత అతడు సాధనకు వచ్చాడు. గిటారు శ్రుతి చేసుకొన్నాడు. పాడవలసిన చోటు రాగానే ఆగిపోయాడు. “వాయిస్తాను. పాడలేను. ఆ మాటలు ఇప్పుడు నావి కావు” అన్నాడు.

బృందంలో వాదన రేగింది. నమ్మనివాడు దేవుని సన్నిధిలో వాయించడం దేవునికీ, అతనికీ కూడా అబద్ధం చెప్పడమేనని డ్రమ్ముల కుర్రవాడు అన్నాడు. అది కోపంతో అన్న మాట కాదు. అతనికి విశ్వాసం అంత ప్రాణం. కీబోర్డు వాయించేవాడు రాజీకోసం చూశాడు: “ఊరికే పెదవులు కదుపు. ఎవరికి తెలుస్తుంది?” గిటారు కుర్రవాడు అందుకు ఒప్పుకోలేదు. సంగతి మాస్టారి దాకా వెళ్లింది. ఆయన వేదాంతం చెప్పలేదు. “నమ్మకం నిండుగా ఉన్నవాడే పాడాలంటే ఆదివారం మన గుడిలో సగం గొంతులు మూగబోతాయిరా. వీడు పాడనంటున్నాడు. అంటే ఆ మాటల బరువు వీడికి తెలుసు. వాయించనీయండి” అన్నారు.

ఆ తరువాత ఏడాదిపాటు ఆ బృందం అలాగే సాగింది. బేస్ గిటారు వాయించేవాడు పాటను అందుకొన్నాడు. అతని గొంతు అంత బాగుండేది కాదు. అయినా ఆనాటి శ్రోతలు ఈనాటికీ తలుచుకొనేది ఆ ఏడాదినే. పాడని యువకుడు తల వంచుకొని, పల్లవికీ చరణానికీ నడుమ తీగను వంచి వాయించిన నాలుగు స్వరాలు ప్రార్థనో, ఫిర్యాదో ఎవరికీ తెలిసేది కాదు. దావీదు కీర్తనలలో ఆ రెండూ కలిసే ఉంటాయని బైబిలు చదివినవారికి తెలుసు. డ్రమ్ముల కుర్రవాడు తన అభిప్రాయం మార్చుకోలేదు. కాని ఆ నాలుగు స్వరాలు వచ్చినప్పుడు మాత్రం డ్రమ్ముపై పుల్లలు ఆపి, చేతితో మెల్లగా తాళం వేసేవాడు.

బృందం పోట్లాటతో విడిపోలేదు. 1999లో ఉద్యోగాలు వారిని విడదీశాయి. ఒకడు బెంగుళూరు, ఒకడు గల్ఫ్, ఒకడు పుణె వెళ్లారు. డ్రమ్ముల కుర్రవాడు రైల్వేలో చేరి ఊళ్లోనే ఉండిపోయాడు. 2004లో మాస్టారు కన్నుమూశారు. కబురందిన రాత్రే గిటారు కుర్రవాడు పుణె నుంచి బయలుదేరాడు. సమాధుల తోటలో మైకు లేదు, కరెంటు లేదు. మాస్టారి పెట్టెను ఎవరో ఒక బల్లమీద పెట్టి వాయించారు. చుట్టూ అందరూ ఆయనకు ఇష్టమైన కీర్తన పాడారు. అతడు ఆనాడు కూడా పాడలేదు. పెట్టెకు రాని గమకాలను గిటారుపై పలికించి, మట్టి వేసి, సాయంకాలం రైలుకు వెళ్లిపోయాడు. అతనికి విశ్వాసం తిరిగి వచ్చినదా అని అడిగేవారున్నారు. ఆ లెక్క అతనిది; అడిగినవారిది కాదు.

ఆ నలుగురూ వాయించినదానికి మిగిలిన ఆనవాలు ఒకే ఒక క్యాసెట్టు. దానిలోనూ వాద్యాల కంటె సండే స్కూలు గదిలోని ఫ్యాను చప్పుడే ఎక్కువ. సంగీత చరిత్రలో వారికి ఒక పంక్తి అయినా దక్కదు. దేశంలో ఇటువంటి చిన్న బృందాలు ఎన్ని పుట్టి, ఎన్ని చెదిరిపోయాయో లెక్క తీసినవారు లేరు. వాటి విలువ వాయించిన పాటలలో కంటె, ఒకరి స్వరానికి మరొకరు చోటు విడవడంలో ఉన్నది. ఏ బృందమైనా మొదట నేర్చుకొనే విద్య అదే. ఏ సంఘమైనా చివరగా నేర్చుకొనేదీ అదే.

ఇప్పుడా గుడిలో గిటారును చూసి ఎవరూ ముఖం చిట్లించరు. హార్మోనియం పక్కనే దానికీ ఒక స్థానం ఏర్పడింది. ఇటీవల యువకులు కొందరు వాద్యకారులే లేకుండా, ముందుగా రికార్డు చేసిన సంగీతాన్ని ల్యాప్‌టాప్ మీద పెట్టి పాడతామని అనుమతి కోరారు. కమిటీలో అందరికంటె ముందు లేచి అభ్యంతరం చెప్పినవాడు ఒకనాటి డ్రమ్ముల కుర్రవాడే. యంత్రం ఆరాధనకు పనికిరాదని ఘాటుగానే అన్నాడు. అన్న తరువాత ఒక్క క్షణం ఆగి, కిటికీ పక్కన మూత వేసి ఉన్న హార్మోనియం వైపు చూశాడు. “సరే, ఒకసారి విందాం” అని కూర్చొన్నాడు.